రూపాయి బిళ్ళ ఎవరికి బరువు?

అర్ధరూపాయి బిళ్ళ ఇప్పటికీ చెల్లుతుంది. చట్టంలో చెల్లుతుంది, అంతే. తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్ళి రెండు అర్ధరూపాయిలు గల్లాపెట్టె మీద పెట్టండి. కొట్టాయన ముందు మీ మొహం చూస్తాడు, తర్వాత బిళ్ళల్ని చూస్తాడు, ఆ తర్వాత "ఇవి పోవండీ" అంటాడు. పావలాకైతే దర్జాగా సాగనంపు జరిగింది. 25 పైసలూ అంతకన్నా చిన్న నాణేలూ 2011 జూన్ 30 నుంచి చెల్లవని ప్రభుత్వం ఆరు నెలల ముందే గెజిట్‌లో చెప్పింది, బ్యాంకుల్లో మార్చుకొమ్మంది. అర్ధరూపాయికి అదీ జరగలేదు. ఎవరూ రద్దు చెయ్యలేదు, ఎవరూ పుచ్చుకోరు.

ఇప్పుడు వంతు రూపాయిది. "రూపాయికి ఏమొస్తుంది ఇప్పుడు, దాన్నీ తీసేస్తే గొడవ వదిలిపోతుంది కదా" అనే మాట షాపుల్లోనూ ఆఫీసుల్లోనూ వినపడుతోంది. నా వాదన ఇది: అర్ధరూపాయిని చట్టప్రకారం పంపించెయ్యాలి, రూపాయినీ రెండు రూపాయలనూ ఉంచాలి. పాత నాణేల మీద మమకారంతో చెబుతున్నది కాదు. చిల్లర లేనిచోట ధర ఎటువైపు జరుగుతుంది అన్నదొక్కటే ఇక్కడ అసలు లెక్క. అది దాదాపు ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది.

ముందు ఖర్చు మాట తేల్చేద్దాం, ఎందుకంటే తీసెయ్యాలనేవాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే. 2018లో సమాచార హక్కు దరఖాస్తుకు ముంబై టంకశాల ఇచ్చిన జవాబు ప్రకారం రూపాయి బిళ్ళ తయారీకి 1.11 రూపాయలు, రెండు రూపాయలకు 1.28, ఐదుకు 3.69, పదికి 5.54 పడేది. అంటే రూపాయిని రూపాయి పైచిలుకు పెట్టి చేసేవారు. పావలా కోడికి ముప్పావలా మసాలా అన్నమాట. వినడానికి వెటకారంగా ఉంటుంది గానీ, ఈ లెక్క కోడికి పనికొచ్చినట్టు నాణేనికి పనికిరాదు. కోడిని ఒక్కసారే తింటాం. స్టీలు బిళ్ళ ఇరవై ఏళ్ళయినా చెడదు. వారానికి ఒక్క చెయ్యి మారినా ఇరవై ఏళ్ళలో వెయ్యిసార్లకు పైగా మారుతుంది. 111 పైసల్ని వెయ్యితో భాగిస్తే ఒక్కో చెల్లింపుకు పడేది పైసాలో పదోవంతు. ఆ ఖర్చు దండగయ్యేది బిళ్ళ చెయ్యి మారకుండా డబ్బాలో కూర్చున్నప్పుడు. కాబట్టి వెటకారం చెయ్యాల్సింది టంకశాలను కాదు, ఆ డబ్బాను.

టంకశాలకూ ఢిల్లీకీ వాటా ఉన్న తప్పు వేరే ఉంది. అది ఖర్చుది కాదు, కొలతలది. దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మీ ఇంట్లో చిల్లర డబ్బా ఉంటే బోర్లించండి. అందులో కనీసం మూడు రకాల రూపాయి బిళ్ళలు తేలతాయి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాముల బరువు. 2011లో వచ్చిన రూపాయి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. 2019లో ప్రకటించిన వరుసలో, అంటే ధాన్యపు గింజల బొమ్మ ఉన్న కొత్త రూపాయి, 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములు. అదృష్టముంటే 1980ల నాటి 6 గ్రాముల రాగి-నికెల్ రూపాయి కూడా దొరుకుతుంది. మనకన్నా మన రూపాయి ఎక్కువ చిక్కిపోయింది. ఉక్కు ఆదా, అదలా ఉంచండి. 2011లో రూపాయికి ఇచ్చిన 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు అంతకుముందు పార్లమెంటు బొమ్మ ఉన్న స్టీలు అర్ధరూపాయివి. అదే ఏడాది రెండు రూపాయలకు ఇచ్చిన 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు అంతకుముందు రూపాయివి. లోహమూ ఒకటే, 83 పాళ్ళు ఇనుము, 17 పాళ్ళు క్రోమియం. అంటే ఒక్కో నాణెం తన కింది మెట్టు చొక్కా తొడుక్కుని బజారులోకి వచ్చింది, పాతవాటిని మాత్రం బజారు నుంచి ఎవరూ తియ్యలేదు.

ఫలితం రోజూ చూసేదే. సాయంత్రం వెలుతురు సరిగా లేనిచోట పూలబ్బాయి రూపాయనుకుని రెండు ఇస్తాడు, రెండనుకుని రూపాయి తీసుకుంటాడు. చూపు లేనివాళ్ళకు వేళ్ళతో తడిమితే 1992 రూపాయికీ 2011 రెండుకూ తేడా తెలియడం చాలా కష్టం. 2019 వరుసలో ఈ పొరపాటు దిద్దారు. చూపు లేనివాళ్ళను దృష్టిలో పెట్టుకుని 20, 23, 25, 27 మిల్లీమీటర్లుగా విలువతోపాటు సైజు పెరిగేలా చేశారు. ఇరవై రూపాయల బిళ్ళ కూడా 27 మిల్లీమీటర్లే గానీ పన్నెండు పలకలతో చేశారు. ఆలోచన బాగుంది. కానీ పాత రెండు తరాలూ ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి కాబట్టి కొత్తవి వాటిలో కలిసి గందరగోళాన్ని ఇంకో మెట్టు పెంచాయి.

దీని దెబ్బ బ్యాంకు కౌంటర్ దగ్గర గట్టిగా తగులుతుంది. ఒకటి, రెండు రూపాయల బిళ్ళలను తూకం వేసి తీసుకుంటే మంచిదని రిజర్వు బ్యాంకు ఎప్పటినుంచో బ్యాంకులకు చెబుతోంది. వందేసి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తెస్తే క్యాషియర్‌కూ ఖాతాదారుకూ సుఖమనీ చెబుతుంది. బాగానే ఉంది, తూచి చూడండి. వంద కొత్త రూపాయిలు 309 గ్రాములు. వంద 2011 రూపాయిలు 379. వంద పాతవి 485. మూడూ కలిసిన కిలో సంచిలో 206 రూపాయలైనా ఉండొచ్చు, 323 అయినా ఉండొచ్చు. అందులో 2011 రెండు రూపాయల బిళ్ళలు నాలుగు పడితే ఏ త్రాసూ పట్టుకోలేదు, వాటి బరువు అచ్చంగా పాత రూపాయి బరువు కదా. దాంతో క్యాషియర్ చేత్తో లెక్కపెట్టాలి. వెనక పదిమంది లైనులో ఉంటారు. ఆయన "చిల్లర తీసుకోమండీ" అంటే అది రూల్సుకు విరుద్ధమే, కానీ సోమరితనం మాత్రం కాదు.

ఇక అసలు సంగతికొద్దాం. చిల్లర లేకపోతే ఏమవుతుంది?

బిల్లు 47 రూపాయలు, మీరు 50 ఇచ్చారు. మూడు రూపాయలు లేవు. కొట్టాయన మూడు చాక్లెట్లు చేతిలో పెడతాడు. ఆ చాక్లెట్ ఆయనకు రూపాయికి తక్కువకే పడింది, కాబట్టి మీకివ్వాల్సిన చిల్లర మీద కూడా ఆయనకు లాభం మిగిలింది. రేపు అవే మూడు చాక్లెట్లు తిరిగిచ్చి మూడు రూపాయల సరుకు ఇవ్వమంటే ఇవ్వడు. మన బజార్లలో పూర్వం నుంచి దీనికి సరిగ్గా ఎదురుగా నడిచే ఆచారం ఒకటుంది: కొసరు. పావు కిలో వంకాయలు ఎనిమిదిన్నర అయితే పది తీసుకుని, ఆ తేడాకు కరివేపాకు రెబ్బో నాలుగు పచ్చిమిరపకాయలో వేసేది కూరగాయలమ్మి. కొసరులో సర్దుబాటు కొనేవాడి వైపు ఉండేది, పైగా అది వండుకునే వస్తువు. చాక్లెట్ తలకిందులైన కొసరు.

చాక్లెట్ చిన్న విషయం, అదీ ఒక్కరోజుది. ధరలు నాణేన్ని బట్టి మెట్లు కట్టుకోవడం పెద్ద విషయం. అగ్గిపెట్టె చరిత్ర చూడండి. 2007లో అర్ధరూపాయి నుంచి రూపాయైంది. పద్నాలుగేళ్ళు రూపాయి దగ్గరే నిలబడింది. 2021 డిసెంబరు 1న ఒక్కసారిగా రెండు రూపాయలైంది. మధ్యలో రూపాయి పావలా, రూపాయిన్నర అనే మెట్లు లేవు, ఎందుకంటే అప్పటికి ఆ నాణేలు వీధిలో లేవు. తయారీదారులు పుల్లల సంఖ్య 36 నుంచి 50కి పెంచుతున్నామన్నారు. లెక్క వేస్తే పుల్ల ఖరీదు 2.8 పైసల నుంచి 4 పైసలైంది, అంటే నలభై శాతం పైన. తయారీదారులది అత్యాశ అనలేం. గంధకం, మైనం, అట్ట ఖరీదులు పెరిగాయి, పద్నాలుగేళ్ళు ఓపిక పట్టారు. కానీ పెంచాల్సి వచ్చినప్పుడు వాళ్ళ ముందున్న తరువాతి మెట్టు రెండు రూపాయలే. ఇప్పుడు రూపాయిని కూడా తీసేస్తే అగ్గిపెట్టె తరువాతి మెట్టు ఎంత? నాలుగైనా కావాలి, ఐదైనా కావాలి.

పాలది ఇంకా సూటిగా ఉంటుంది. డెయిరీలు మామూలుగా లీటరుకు రెండు రూపాయలు పెంచుతాయి. 2025 మే 1న అమూల్ పెంచింది అంతే. లీటరుకు రెండంటే అర లీటరు ప్యాకెట్టుకు రూపాయి. రూపాయి నాణెం ఉన్నంతకాలమే ఆ పెంపు అంత చిన్నగా ఉంటుంది. లేకపోతే అర లీటరుకు కనీసం రెండు, అంటే లీటరుకు నాలుగు. రెండు కూడా లేక ఐదే చిన్న బిళ్ళయితే లీటరుకు పది. రోజూ ఒక్క అర లీటరు కొనే ఇంటికి ప్యాకెట్ మీద రెండు రూపాయలు రౌండాఫ్ పేరుతో పోయినా నెలకు అరవై. పెద్ద సూపర్ మార్కెట్‌లో నెలకోసారి నాలుగు వేల సరుకు కొనేవాళ్ళకు అదే రౌండాఫ్ నెలకు రూపాయో రెండో. ఎవరు ఎక్కువసార్లు, తక్కువ తక్కువగా కొంటారో వాళ్ళ మీదే భారం పడుతుంది.

"రౌండాఫ్‌లో ఒకసారి పైకి, ఒకసారి కిందికి, చివరికి సరిపోతుంది కదా" అంటారు. అంకెల్లో నిజమే. ఐదుకు రౌండ్ చేస్తే 1, 2, 6, 7 కిందికి, 3, 4, 8, 9 పైకి. నాలుగు అటు, నాలుగు ఇటు. కానీ ధరలు లాటరీలో తీసిన అంకెలు కావు, ఎవరో కూర్చుని పెట్టినవి. 19, 49, 99 మీద ముగిసే ధరలన్నీ పైకే పోతాయి. 28 రూపాయల ప్యాకెట్ ఏడాదంతా 30 దగ్గరే ఉంటుంది, ఒక్కరోజు కూడా 25కు దిగదు.

నిజాయితీగా రౌండ్ చెయ్యడానికి మన దగ్గరే మంచి నమూనా ఉంది. 2022 మార్చిలో అప్పటి టీఎస్‌ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో ఛార్జీలను ఐదు రూపాయల మెట్లకు సర్దింది. 12 ఉన్నచోట 10, 13, 14 ఉన్నచోట 15. అంతకుముందు సంగతి బస్సెక్కినవాళ్ళందరికీ తెలుసు. కండక్టర్ ఇవ్వాల్సిన చిల్లర టికెట్ వెనక రాసిస్తాడు, దిగేటప్పుడు తీసుకోమంటాడు. దిగేవాడికి సామాను, పిల్లలు, తోసుకొచ్చే జనం. మూడు రూపాయల కోసం వెనక్కి తిరగడు. ఇద్దరు ముగ్గురికి కలిపి పది ఇచ్చి మీరు మీరు పంచుకోమంటే బస్టాండులో ముక్కూ మొహం తెలియని ముగ్గురు మూడు దారులు పోతారు. ఆర్టీసీ చేసినదాంట్లో మెచ్చుకోవాల్సింది కిందికి కూడా సర్దడం, అది కాగితం మీద పెట్టి చెప్పడం. కిరాణా కొట్టుకూ మందుల షాపుకూ అలాంటి కాగితం లేదు. జీఎస్‌టీ చట్టంలో పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి ఎలా సర్దాలో 170వ సెక్షన్ చెబుతుంది: యాభై పైసలు, ఆపైన ఉంటే రూపాయి, తక్కువైతే వదిలెయ్యాలి. కంప్యూటర్ బిల్లు అడుగున "రౌండాఫ్ 0.32" అని కనిపించే వరస దాని చుట్టమే. పైసలకు పద్ధతి ఉంది. రూపాయిలకు నోటిమాటే దిక్కు.

పన్ను తగ్గినప్పుడు కూడా నాణెమే అడ్డు నిలుస్తుందన్నది 2025 సెప్టెంబరు 22న బయటపడింది. ఆ రోజు నుంచి బిస్కెట్లు, షాంపూల మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5కు దిగింది. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ లెక్కప్రకారం 4.45 కావాలి, రెండు రూపాయల షాంపూ ప్యాకెట్ 1.78 కావాలి. ఆ యాభై ఐదు పైసలు తిరిగివ్వడానికి ఏ కొట్టులోనూ బిళ్ళ లేదు. యూపీఐతో కొంటే 4.45 కట్టొచ్చు, నోటుతో కొంటే ఐదు. ధర అలాగే ఉంచి బరువు పెంచడం ఒక్కటే కుదిరే దారి, కానీ ఎన్ని గ్రాములు పెరిగాయో కొట్టు దగ్గర తూచి చూసేవాడెవడు?

యూపీఐ వచ్చాక నాణెం ఎందుకు అనే ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. మిర్చి బజ్జీల బండికీ క్యూఆర్ కోడ్ ఉంది. ఫోనుతో కట్టేవాడికి నాణెం ఉన్నా లేకున్నా తేడా లేదు. అందుకే నాణెం తీసేస్తే నష్టపోయేది అతను కాదు. ఫోను లేని ముసలమ్మ, బడికి పోతూ పెన్సిల్ కొనే పిల్లవాడు, రోజు కూలి నోట్లలో తీసుకునే మనిషి. ఒకే వస్తువు, రెండు ధరలు, ఎక్కువ ధర తక్కువ ఉన్నవాడికి. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్‌లో ఒక పూట తిండి ఐదు రూపాయలు, అంటే ఒక్క బిళ్ళ. అక్కడ క్యూలో నిలబడ్డవాడికి రెండు రూపాయల రౌండాఫ్ అంటే భోజనంలో దాదాపు సగం.

నాణేలు తీసేసిన దేశాల అనుభవం కూడా ఇదే చెబుతుంది. కెనడా 2013 ఫిబ్రవరి 4న సెంటు పంపిణీ ఆపింది. ఆపేముందే పద్ధతి చెప్పింది: నగదు మొత్తం బిల్లును మాత్రమే దగ్గరి ఐదు సెంట్లకు సర్దాలి, ఒక్కో వస్తువును కాదు. కార్డుతో కడితే అసలు సర్దకూడదు. అమెరికా తన ఒక సెంటు బిళ్ళ పెన్నీకి 3.69 సెంట్లు ఖర్చవుతోందని 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో చివరిది అచ్చు కొట్టింది. అప్పటికి దేశమంతటికీ ఒక్క రౌండాఫ్ నియమం లేదు, ఏ షాపు దారి దానిదే. అక్కడున్న మనవాళ్ళు ఇప్పుడు గ్యాస్ స్టేషన్లలో చూస్తున్నది అదే. మనం రూపాయిని తీస్తే కెనడాలా తీస్తామా, అమెరికాలా తీస్తామా? అర్ధరూపాయికి చేసింది చూస్తే అమెరికాకన్నా ముందే ఆ దారిలో ఉన్నాం.

మరి ఇంత అవసరమైన బిళ్ళ ఎందుకు దొరకదు? టంకశాలలు కొట్టడం లేదని కాదు. 2018 జనవరిలో నిల్వలు పెట్టే చోటు చాలక ముంబై, కోల్‌కతా, నోయిడా, హైదరాబాదు, నాలుగు చోట్లా నాణేల తయారీ కొన్నాళ్ళు ఆపారు. గోదాములో గుట్టలు, బజార్లో కరువు. నోటు బ్యాంకుకూ జేబుకూ మధ్య తిరుగుతుంది. నాణెం బ్యాంకు నుంచి బయటికొస్తుంది గానీ తిరిగి వెళ్ళదు. రిజర్వు బ్యాంకు 2021 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు నాణేలు పంచినందుకు సంచికి ఇచ్చే ప్రోత్సాహాన్ని 25 రూపాయల నుంచి 65కు పెంచింది. 2023లో క్యూఆర్ కోడ్‌తో చిల్లరిచ్చే యంత్రాలను పన్నెండు నగరాల్లో పెట్టి చూస్తామంది. రెండూ బయటికి తోసే ఏర్పాట్లే. ఇంటి డబ్బాలోంచీ కొట్టు గల్లాలోంచీ నాణేన్ని వెనక్కి లాగే ఏర్పాటు ఏది?

వెనక్కి తిప్పడం ఎలాగో తిరుమలకు తెలుసు. హుండీలో పడ్డ చిల్లర, కానుకలు లెక్కపెట్టే పరకామణిలో కొండలా పేరుకుంటే, 2021లో టీటీడీ ధన ప్రసాదం అని మొదలుపెట్టింది. గది ఖాళీ చేసే భక్తుడికి డిపాజిట్ తిరిగిచ్చేటప్పుడు వంద రూపాయల చిల్లరను పసుపు కుంకుమలతో కలిపి ప్యాకెట్ కట్టి ఇవ్వడం. భక్తి మాట ఎలా ఉన్నా చిల్లర నిర్వహణలో దీనికి సాటి రాగల ఆలోచన బ్యాంకులకు తట్టలేదు. ఒక్క లోపం: ప్రసాదం కదా అని కొందరు ఆ ప్యాకెట్‌ను ఖర్చు పెట్టరు, దేవుడి గదిలో దాస్తారు. బిళ్ళ హుండీ నుంచి గూట్లోకి మారింది.

చిల్లర తిరగడానికి ఒకప్పుడు రెండు పెద్ద కాలవలుండేవి, బస్సూ రేషన్ షాపూ. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం, 2011 నవంబరులో కిలో రూపాయి బియ్యం, మన రాజకీయాలే నాణేల మీద నడిచాయి. ఇప్పుడు ఆ బియ్యం ఉచితం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. పథకాలు మంచివా కాదా అన్నది వేరే చర్చ. సున్నా టికెట్‌తో కండక్టర్ సంచిలోకి వచ్చే చిల్లరా తగ్గింది, ఆ సంచిలోంచి బయటికొచ్చే చిల్లరా తగ్గింది అన్నది మాత్రం చూడాల్సిన విషయం.

పది రూపాయల బిళ్ళ కథ రెండు తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు కాబట్టి పొడిగించను. "పది బిళ్ళలు నడుస్తలేవు" అనే పుకారును రిజర్వు బ్యాంకు 2016లో ఒకసారి, 2018 జనవరిలో ఇంకోసారి ఖండించింది. పద్నాలుగు డిజైన్లున్నాయి, అన్నీ చెల్లుతాయంది. పదిహేను గీతలది దొంగది, పది గీతలదే అసలుదన్న మాటకు ఆధారం లేదు. రూపాయి గుర్తు రాకముందు కొట్టినవాటి మీద పదిహేను గీతలు, వచ్చాక కొట్టినవాటి మీద పది. అంతే తేడా. అయినా కొట్టువాళ్ళు తీసుకోరు, ఎందుకంటే వాళ్ళ దగ్గర హోల్‌సేల్ వాడు తీసుకోడు, వాడి దగ్గర బ్యాంకు విసుక్కుంటుంది. చెల్లని నాణెమంటే దొంగ నాణెం కానక్కర్లేదు, పక్కవాడు తీసుకోడేమో అనే భయం చాలు. పదికే ఈ గతి పడితే, రూపాయి మీద "దీన్ని తీసేస్తారంట" అన్న ఒక్క వాట్సాప్ మెసేజ్ ఏం చేస్తుందో ఊహించండి.

రెండు రూపాయల బిళ్ళ వదిలేసి రూపాయీ ఐదూ చాలవా అనేవాళ్ళకు చిన్న లెక్క. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్కో చిల్లర ఇవ్వడానికి 1, 2, 5 బిళ్ళలుంటే మొత్తం 17 బిళ్ళలు పడతాయి. రెండు లేకపోతే 25. అంటే ఒక్క బిళ్ళను తీసేస్తే గల్లాపెట్టెలో సగం మోత పెరుగుతుంది. తమాషా ఏమిటంటే రూపాయి తీసేసి 2, 5 మాత్రమే ఉంచినా ఏ మొత్తాన్నయినా కట్టొచ్చు: రూపాయి కట్టాలంటే ఐదిచ్చి రెండు రెండ్లు వెనక్కి తీసుకోవాలి. కాగితం మీద కుదురుతుంది, బజార్లో కుదరదు. ఇద్దరి దగ్గరా సరిగ్గా ఆ బిళ్ళలే ఉండాలి కదా.

నన్నడిగితే చెయ్యాల్సినవి ఇవి. అర్ధరూపాయిని ఆరు నెలల గడువిచ్చి గెజిట్‌లో రద్దు చెయ్యాలి, దాంతోపాటే నగదు బిల్లును దగ్గరి రూపాయికి సర్దే నియమాన్ని ప్రతి షాపులో గోడకు అంటించాలి. బ్యాంకుకు చేరిన 25 మిల్లీమీటర్ల పాత స్టీలు రూపాయిలను మళ్ళీ బయటికి ఇవ్వకుండా టంకశాలకు పంపాలి. రద్దు చెయ్యక్కర్లేదు, చెరువులో నీళ్ళలా వాటంతటవే తగ్గుతాయి. అప్పుడు తూకానికి అర్థం ఉంటుంది. సంచికి 65 రూపాయలు నాణేలు ఇచ్చినందుకే కాదు, పుచ్చుకున్నందుకూ బ్యాంకుకు దక్కాలి. రూపాయి జోలికి అప్పటిదాకా వెళ్ళొద్దు.

ఈలోగా ఇంట్లో డబ్బా నిండి ఉంటే దాన్ని ఖాళీ చెయ్యడం ఒక సాయంత్రం పని. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి చాలు. పళ్ళెంలో పరిచి పైన తిప్పితే స్టీలు ఒకటి, రెండు రూపాయలు ఎగిరి అతుక్కుంటాయి. ఐదు, ఇరవై కిందే ఉంటాయి. 2007 ప్రాంతంలో కొన్నాళ్ళు స్టీలుతో చేసిన ఐదు రూపాయలు మాత్రం ఎగురుతాయి, వాటిని చూసి తియ్యాలి. పదకొండు పలకల పాత రెండు రూపాయలు అంటుకోవు, అవి రాగి-నికెల్‌వి. తర్వాత సైజు ప్రకారం వేరు చేసి, ఒకే సైజువి వందేసి లెక్కపెట్టి సంచి కట్టి, పైన సంఖ్య రాయండి. సైజులు కలిపితే పైన చెప్పిన తూకం తంటా మీకే చుట్టుకుంటుంది. లెక్కపెట్టేటప్పుడు పిల్లలుంటే ఏడాది కింద చిన్న గుర్తు వెతకమనండి. ఐదు మొనల నక్షత్రముంటే అది హైదరాబాదు టంకశాల బిళ్ళ.

బ్యాంకుకు నెల మొదటి వారంలో వెళ్ళొద్దు, మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్ళండి. మీ ఖాతాలో ఎన్ని నాణేలు వేసుకోవాలన్నదానికి రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టలేదు. బయట అప్పు తీర్చడానికైతే పరిమితి ఉంది: రూపాయి, ఆపై బిళ్ళలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల దాకా, అర్ధరూపాయిలు పది రూపాయల దాకా. గోనెసంచి చిల్లరతో బైకు కొన్నారనే వార్తల్లో షోరూమువాళ్ళు చూపించింది మర్యాద, చట్టం వాళ్ళను అంత పుచ్చుకోమని అడగదు. బ్యాంకు కాదంటే మేనేజరుకు కాగితం మీద రాసిచ్చి ముద్ర వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు, వివరాలకు 14448. ముద్ర వేయించుకునే దాకా కూడా చాలాసార్లు రాదు. ముద్ర అడగ్గానే కౌంటర్ తెరుచుకుంటుంది.

చివరికి డబ్బాలో కొన్ని మిగులుతాయి. పెళ్ళిళ్ళలో నూట పదహార్ల కవర్ల మీద అంటించి వచ్చిన రూపాయిలు. పీకినా వెనక జిగురు పోదు. రెండు బిళ్ళలు అతుక్కుని ఒకటిగా లెక్కకొస్తే సంచిలో నూటొకటి పడుతుంది, మీకు రూపాయి నష్టం. చుక్క కొబ్బరినూనె రాసి కాసేపుంచి గుడ్డతో తుడిస్తే వదులుతుంది. తడి మాత్రం పూర్తిగా ఆరాకే సంచిలో వెయ్యండి.